మూడో నంబరు ప్లగ్గు

30 సెప్టెంబర్ 2012, ఆదివారం

కారు కడిగాను. మీటరు 81,346.

బానెట్ ఎత్తి తుడుస్తుంటే కనిపించింది — మూడో ప్లగ్గు మీది రబ్బరు టోపీ చీలింది. గోరంత చీలిక. ఈ ఇంజన్‌లో నాలుగు ప్లగ్గులూ నాలుగు గుంటల అడుగున, జానెడు లోతులో కూర్చుంటాయి. ఆ గుంటలకు మూతలు ఈ టోపీలే. నల్ల టేపు మూడు చుట్లు చుట్టాను. కొత్తది తేవాలి. దసరా దాటాక చూడొచ్చు.

బాలమణి పప్పు కడుగుతూ లోపలి నుంచి — "ఏమన్న ఖరాబైందా?"

"ఏం లేదు."

9 అక్టోబర్, మంగళవారం

ఎనిమిదిన్నరకే ఇడ్లీ, వడ గిన్నెలు ఖాళీ. ఎయిర్‌పోర్టు దారిలో క్యాబులు వంతు కోసం ఆగే చోట, గోడ వారగా మా కారు. డిక్కీ ఎత్తితే హోటలు, దించితే ఇల్లు అంటుంది మా అమ్మాయి శిరీష. కాలేజీకి పోయి మాటలు నేర్చింది.

ఖాజా భాయ్ పహాడీ షరీఫ్ నుంచి ఖాళీ క్యాబుతో అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, మొదటి ప్లేటు నాదే. నీ చేతితోటే ఇయ్యాలె. నిన్న నీ చేతి ప్లేటు తిన్న, సికింద్రాబాద్ బేరం తగిలింది."

"మరి మొన్న తిన్ననాడు?"

"మొన్న నువ్వు చట్నీ తక్కువ ఏసినవ్."

అందరూ నవ్వారు. బాలమణి చేతి మొదటి ప్లేటు తిన్నవాడికి దూరపు బేరం దొరుకుతుందని వాళ్ళ నమ్మకం. దానికోసం రోజూ చిన్న కొట్లాట. ఆమె పైకి కసురుకుంటుంది. లోపల సంతోషమే. కొంగు సర్దుకునే తీరులో తెలుస్తుంది.

16 అక్టోబర్, మంగళవారం

శంషాబాద్ పోయాను. బోరు మోటారు వైండింగుకు తీగ తెచ్చాను. టోపీ సంగతి మరిచాను.

24 అక్టోబర్, దసరా

పొద్దున్నే కారుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు. నా వైండింగ్ మిషనుకు, పానాలకు, చివరికి టెస్టర్‌కు కూడా బొట్లు. బాలమణి ఎవరినీ వదలదు.

బానెట్ ఎత్తి కొబ్బరికాయ కొట్టింది. కుళ్ళింది. నల్లటి నీళ్ళు. వాసన.

బాలమణి దాన్ని గోడ అవతలికి విసిరేసింది.

శిరీషను పరుగున దుకాణానికి పంపి ఇంకొకటి తెప్పించింది. అది తెల్లగా, మంచిగా పగిలింది. ఏటేటా నీళ్ళు చేత్తో నాలుగు చుక్కలు చల్లి ఊరుకుంటుంది. ఈసారి రెండు చెక్కలూ ఎత్తి ఇంజన్ మీద మొత్తం పోసేసింది. "తప్పు కాయి తల్లీ... తప్పు కాయి" అంటూ. ధార మూడో టోపీ మీదుగా జారింది. నేను చుట్టిన టేపు మీదుగానే.

పక్కనే ఉన్నాను. చూస్తున్నాను. ఆపమని నోటి దాకా వచ్చింది. ఆమె ముఖం చూశాక రాలేదు.

సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి "బంగారం" అంది. తీసుకుని జేబులో వేసుకున్నాను.

25 అక్టోబర్, గురువారం

కారు బాగానే నడిచింది. అనవసరంగా భయపడ్డాను.

28 అక్టోబర్, ఆదివారం

వణుకుతోంది. నడిచేటప్పుడు తక్కువ, ఆగినప్పుడు ఎక్కువ. నాకంటే ముందు బాలమణే పట్టుకుంది. ముందు సీట్లో కాళ్ళ మధ్య సాంబారు బకెట్టు పెట్టుకుని కూర్చుంటుంది కదా.

"ఏమయ్యో, సాంబారు ఉడుకుతున్నట్టు అల్లాడుతుంది సూడు. బండి మంచిగ లేదు."

"పెట్రోల్ల నీళ్ళు కలిసినయేమో" అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. "నేను ఆనాడే అనుకున్న" అంది. అంతే.

29 అక్టోబర్, సోమవారం

మధ్యాహ్నం ఇంజన్ నడుస్తుండగానే ఒక్కొక్క ప్లగ్గు తీగ రబ్బరు పిడి పట్టకారతో పీకి చూశాను. ఒకటో తీగ పీకితే ఇంజన్ కుంగింది. రెండోది — కుంగింది. నాలుగోది — కుంగింది. మూడోది పీకినా, పెట్టినా ఒకటే. అంటే అది ఎప్పుడో పడుకుంది.

ఇంజన్ ఆపి ఆ గుంటలోకి టార్చి వేశాను. చీమలు. వరస కట్టి దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. గుంట అంచున పాకంలా ఎండిన తెల్లటి చార. వేలితో గీకి నాలుకకు తగిలించాను. తియ్యగా, ఉప్పగా. టేపు ఊడి అడుగున ముద్దగా పడి ఉంది.

బాలమణి వచ్చి తొంగి చూసింది. "ఇంజన్ల చీమలేంది?"

"వెచ్చగ ఉంటది గద."

వెచ్చదనానికి చీమలు వస్తాయా?  టార్చి ఆర్పాను.

31 అక్టోబర్, బుధవారం

ఇది రాసుకోవాలి.

ఇడ్లీ రేకుల్లో తొలి గరిటె ఎప్పుడూ బాలమణిదే. ఐదేళ్ళుగా ఇంకొకరి చేయి పడలేదు. ఈ రోజు శిరీషను లేపింది.

"నువ్వు పొయ్యి బిడ్డా."

"నిద్రొస్తుందే అమ్మా. నువ్వు పొయ్యి."

"నా చెయ్యి ఇప్పుడు మంచిగ లేదు. దేవుడు కాయలనే సూపిచ్చిండు. బండికి బీమారి నా తోటే వచ్చింది."

నేను గిన్నెలు ఎత్తుతున్నాను. విననట్టే ఎత్తాను.

అక్కడికి పోయాక మొదటి ప్లేటు నా చేతికి ఇచ్చింది. "నువ్వే ఇయ్యి. ఆళ్ళు పొట్ట కోసం తిరిగేటోళ్ళు. నా చేతితోటి వద్దు."

2 నవంబర్, శుక్రవారం

ఖాజా భాయ్ — "అన్నా, నీ చేతి ప్లేటు తిని నిన్న రెండు గంటలు వరసల నిలబడ్డ. బేరం యాడికో తెల్సా? శంషాబాద్ బస్టాండ్. నడిచి పోయేంత దూరం! అక్కకు ఏమైంది, జర చెప్పు."

"ఏం లేదు."

"నీకు ఆ రెండు మాటలే నేర్పిన్రా అన్నా బడిల?"

బడికి సరిగా పోలేదు అని చెప్పవచ్చు. చెప్పలేదు.

3 నవంబర్, శనివారం

ప్లగ్గు పానా కొన్నాను. దాని గొట్టం గోడ మందం, గుంటలో దిగడం లేదు. కాటేదాన్ పోయి తెలిసిన లేతు మనిషి దగ్గర పైన నూలుమందం చెక్కించాను. ఆయన అడిగాడు — ఎన్ని ప్లగ్గులు తీసినవ్ ఇప్పటిదాక? ఒకటి కూడా లేదు అన్నాను. కారు కొన్నప్పటి నుంచి ఎవరూ తీయలేదు. ఆయన నా వైపు చూసి పానా తుడిచి ఇచ్చాడు. "జబర్దస్తి చెయ్యకు" అన్నాడు.

మోటారు వైండింగ్ ఎవరు నేర్పారు నాకు? కాలిన మోటారు విప్పి, చుట్లు లెక్కపెట్టి, చుట్టి నేర్చుకున్నాను. ఇదీ అంతే అనుకున్నాను.

4 నవంబర్, ఆదివారం

ఇంజన్ చల్లగా ఉండగా మొదలు. శిరీష తన ఎర్ర గోళ్ళ రంగుతో తీగలకు చుక్కలు పెట్టింది — ఒకటి, రెండు, మూడు, నాలుగు. మారిపోకుండా. సైకిలు పంపుతో గుంటల్లో దుమ్ము ఊదాను. ప్లగ్గు తీశాక దుమ్ము పడితే నేరుగా ఇంజన్ కడుపులోకే.

ఒకటి — కిర్రు మంది, వచ్చింది. రెండు — వచ్చింది. నాలుగు — వచ్చింది. మొనలు అరిగి గుండ్రంగా అయ్యాయి. రంగు బాగానే ఉంది, కాల్చిన ఇటుక రంగు.

మూడు — కదలదు.

కొంచెం బలం పెట్టాను. కీచుమంది. లోహం ఏడ్చినట్టు. వదిలేశాను. 

ఇది విరిగితే సగం లోపలే ఉంటుంది. ఇంజన్ తల దింపాలి. పది రోజులు, పదిహేను రోజులు. అన్నాళ్ళు గోడ వారన మా చోటు ఖాళీగా ఉండదు. రోడ్డు పక్క చోటుకు పట్టా లేదు, ఎవరు ముందు వస్తే వాళ్ళది. ఐదేళ్ళు బాలమణి తెల్లవారకముందే లేచి నిలబెట్టుకున్న చోటు.

కిరోసిన్‌లో ఇంజన్ ఆయిల్ కలిపి గుంటలో నాలుగు చుక్కలు వేశాను. నాననీ. మిగతా మూడు పాతవే మళ్ళీ బిగించాను. మూడు ప్లగ్గుల మీదే నడపాలి.

బాలమణి గుమ్మంలో నిలబడి చూసింది. "రాలేదా?"

"వస్తది."

"ఏది రాలేదు?"

"మూడోది."

తల ఊపి లోపలికి పోయింది. ఏదో ముందే తెలిసిన కబురు విన్నట్టు.

6 నవంబర్, మంగళవారం

పాల్మాకుల దాటాక ఎత్తు మీద కారు ఆగిపోయింది. పొద్దు అప్పుడే పొడుస్తోంది. మూడు ప్లగ్గుల బలం, వెనక నాలుగు గిన్నెలు, రెండు బకెట్లు, ఇద్దరు మనుషులు. ఎక్కలేక ఆగింది.

ఖాజా భాయ్‌కి ఫోన్ చేశాను. మూడు క్యాబులు వచ్చాయి. ఒక డిక్కీలో ఇడ్లీ, ఒకదాంట్లో వడ, ఒకదాంట్లో చట్నీ. సాంబారు బకెట్టు మాత్రం బాలమణి ఎవరికీ ఇవ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని ఖాజా భాయ్ ముందు సీట్లో కూర్చుంది.

"అక్కా, ఇది బరాత్ లెక్కుంది. బ్యాండ్ ఒక్కటే తక్కువ."

ఆమె నవ్వలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకోవడం వెనక సీటు నుంచి చూశాను.

ఖాళీ బండి మెల్లగా నడుపుకుని ఇంటికి వచ్చాక — "ఈ బండి అమ్మేద్దాం. మల్లేశ్‌కు చెప్త, ఆనికి తెలిసినోళ్ళున్నరు. ఈ పని మనకు ఇగ అచ్చిరాదు."

"మంచిగైతది."

"బండి మంచిగైతది. నా చెయ్యి?"

7 నవంబర్, బుధవారం

మల్లేశ్ ఫోన్. "బావా, ఆదివారం ఒక మనిషిని తీస్కొస్తున్న. నడవని బండైనా చూస్తడట. అక్క పరేషాన్ల ఉంది, నువ్వు అడ్డం పడకు." బాలమణి తమ్ముడు. అక్క మాట అంటే గీత.

ఆదివారం. నాలుగు రోజులు.

గుంటలో నూనె ఇంకింది. ఇంకో నాలుగు చుక్కలు. పానా పిడి మీద చిన్న సుత్తితో నెమ్మదిగా తట్టాను. తలుపు తట్టినట్టు. లోపల ఎవరూ లేరు.

8 నవంబర్, గురువారం

చెప్పాను. చెప్పి ఇంకా పాడు చేశాను.

ఆమె పుదీనా ఆకు తుంచుతోంది. పక్కన కూర్చున్నాను. నేను ఊరికే వచ్చి కూర్చునే మనిషిని కాను, అందుకే తలెత్తింది.

"కాయ కుళ్ళుడుకు, బండికి ఏం సంబంధం లేదు. ప్లగ్గు గుంటల్లకు నీళ్ళు పోయినయి. గంతే."

"ఏం నీళ్ళు?"

"కొబ్బరి నీళ్ళు."

ఆకు తుంచే చేయి ఆగింది. "అంటే... నేను పోసినయే గద."

అవునూ అనలేదు, కాదూ అనలేదు. చెప్పవలసింది ఇంకా ఉంది.  ఆమె లేచి, తుంచిన ఆకూ తుంచని ఆకూ ఒకే చేటలో కలిపి లోపలికి పోయింది.

ఇంతకుముందు దేవుడు చూపించాడు అనుకునేది. ఇప్పుడు నేను చూపించాను.

9 నవంబర్, శుక్రవారం

బాలమణి రాలేదు. తల నొప్పి అంది. నేనూ ఖాజా భాయూ అతని క్యాబులో గిన్నెలు పెట్టుకుని పోయి అమ్ముకొచ్చాం. ఉప్పు ఎక్కువైంది చట్నీలో. ఎవరూ ఏమీ అనలేదు, అదే బాధగా ఉంది.

శిరీష — "బాపూ, అమ్మ రాత్రి నుంచి ఒక్కటే మాట. 'మీ బాపు కష్టపడి కొన్న బండి నా చేతుల ఖరాబైంది' అని. నువ్వు ఏం చెప్పినవ్ అమ్మకు?"

"సగం చెప్పిన."

"తతిమ్మ సగం?"

...

"బాపూ, నువ్వు మోటారుకు సగం తీగ చుట్టి ఇడిచిపెడ్తవా?"

సాయంత్రం ఈ పుస్తకమే వెనక్కి తిప్పాను. సెప్టెంబర్ ముప్పై. నా చేతి రాతే. 'కొత్తది తేవాలి. దసరా దాటాక చూడొచ్చు.' ఆ కింద — 'ఏం లేదు.' తరవాత అక్టోబర్ పదహారు. 'మరిచాను.' తరవాత ఇరవై నాలుగు. 'పక్కనే ఉన్నాను. చూస్తున్నాను.'

ఆమె నీళ్ళు పోయడం తప్పు కాదు. టోపీ బాగుంటే బిందెడు పోసినా చుక్క దిగేది కాదు. ఇదంతా ఇక్కడ రాసే ఉంది. రాసిన మనిషికే కనిపించలేదు.

10 నవంబర్, శనివారం

వచ్చింది.

పొద్దున ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి కొంచెం వెచ్చబడనిచ్చాను. ఖాజా భాయ్ బేరాలు మానుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. "అన్నా, సీదా లాగకు. పార్కింగ్ల ఇరికిన బండిని ఎట్ల తీస్తం? ముందుకు జరంత, ఎనకకు జరంత. అట్ల."

అట్లాగే. విప్పే వైపు వెంట్రుకవాసి, బిగించే వైపు అంత. మళ్ళీ. మళ్ళీ నూనె. వైండింగులో మూడు వందల చుట్ల తరవాత తీగ తెగితే మళ్ళీ మొదటి నుంచి చుట్టే చేతులు నావి. తొందర లేదు. గంటన్నర. ఒకసారి టక్కుమంది — ఖాజా భాయ్ "యా అల్లా" అని కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. తెరిచి చూస్తే పానా తిరుగుతోంది.

మొత్తంగా వచ్చింది. విరగలేదు. మెడ చుట్టూ తుప్పు, తెల్లటి పొక్కు. ఖాజా భాయ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని "పన్ను పీకినంత పనైంది" అన్నాడు. టీ కూడా తాగకుండా వరసలో నిలబడడానికి పోయాడు.

గుంట శుభ్రం చేశాను. కొత్త ప్లగ్గులు నాలుగు, కొత్త తీగలు, కొత్త టోపీలు నిన్ననే తెచ్చి ఉంచాను. ఒకటి, రెండు, నాలుగు బిగించాను. రెండోదానికి మర పట్టక మూడుసార్లు తీసి పెట్టాల్సి వచ్చింది. మర వంకరగా పట్టిందా, ఇంజన్ తల పాడైనట్టే.

మూడోది బిగించలేదు. లోపలికి పోయి బాలమణిని పిలిచాను.

"నేనెందుకు? నేను చెయ్యి పెట్ట."

"నీ చెయ్యే కావాలె."

అట్లా అన్నానా? అన్నాను. ఆమె కూడా నమ్మలేదు, అందుకే వచ్చింది.

ప్లగ్గు నెత్తికి రబ్బరు గొట్టం తొడిగి ఆమె చేతికి ఇచ్చాను. గుంటలోకి దింపు, మెల్లగ తిప్పు, బలం పెట్టకు, పడితే నీకే తెలుస్తది. ఆమె చేతులు తుడుచుకుని దింపింది. కళ్ళు మూసుకుంది — పిండిలో ఉప్పు సరిపోయిందో లేదో వేళ్ళతో చూసేటప్పుడు మూసుకున్నట్టు. తిప్పింది.

"పట్టింది" అంది.

మొదటిసారికే. నాకు మూడుసార్లు.

ఆమె ఇంకా తిప్పుతోంది. అప్పుడు చెప్పాను. ఇంజన్‌కు చెప్తున్నట్టు, గుంటలోకి చూస్తూ.

"టోపీ దసరాకు ముందే చినిగింది. నేను సూసిన. టేపు చుట్టి ఇడిచిపెట్టిన. నువ్వు అడిగితె ఏం లేదన్న. తెస్త తెస్త అనుకుంట తేలే. నువ్వు నీళ్ళు పోస్తుంటె గా టోపీ మీదికెల్లే పోతున్నయని సూసిన, అప్పుడు గూడ చెప్పలే. సూసుకుంట నిలబడ్డ. టోపీ మంచిగుంటె నువ్వెన్ని పోసినా ఏం కాకపోవు. నీ చేతిల ఏం లేదు. ఉన్నదంత నా నోట్ల."

గొట్టం తిరగడం ఆగింది.

"ఎన్నడు సూసినవ్ చినిగింది?"

"సెప్టెంబర్ ముప్పై."

"తారీఖు గూడ యాదికుందా!"

"రాసుకున్న."

గొట్టం పైకి లాగింది. తరవాత — "పుస్తకానికి చెప్పినవ్. నాకు చెప్పలే."

గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాను.

"ఇరవై ఒక్క ఏండ్లల్ల నీ నోట్లకెల్లి గిన్ని మాటలు ఒక్కతాన పడుడు ఇదే మొదలు. గిది పట్టుకో" అని గొట్టం నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. తలుపు గట్టిగా వేసింది.

పానాతో చివరి బిగింపు — ఆనిన తరవాత అర చుట్టు, అంతకు మించి కాదు. తీగలు చుక్కల ప్రకారం. స్టార్టు చేశాను. వణుకు లేదు. కుట్టు మిషను చప్పుడు. బయటకు వచ్చి వింటుందేమోనని చూశాను. రాలేదు.

11 నవంబర్, ఆదివారం

మల్లేశ్ కొనే మనిషితో వచ్చాడు. ఆ మనిషి టైరును కాలితో తన్ని చూశాడు. బాలమణి వాకిట్లోకి వచ్చింది.

"ఎవరయ్యా నువ్వు, మా బండిని తంతున్నవ్?"

"అక్కా, నువ్వే గదనే అమ్ముతనన్నవ్..."

"బండిని అంటినా? మీ బావను అమ్ముతనన్న. కొంటడేమో అడుగు."

మల్లేశ్ నా వైపు చూశాడు. ఆ మనిషీ చూశాడు. ధర అడగలేదు.

నాతో మాత్రం మాట్లాడటం లేదు.

12 నవంబర్, సోమవారం

మాట్లాడటం లేదు. శిరీష ద్వారా — "మీ బాపును అన్నం తినుమను." పక్కనే ఉన్నాను.

13 నవంబర్, దీపావళి

శిరీష ద్వారానే. మిఠాయి మాత్రం నేరుగా ప్లేటులో పెట్టింది. రెండు. రెండోది నాకు ఇష్టమైన రకం.

14 నవంబర్, బుధవారం

మాట్లాడింది. "నలబై దినాలు నా చెయ్యి మంచిగ లేదని నన్ను ఏడ్పిచ్చినవ్" అంది. లెక్క ప్రకారం పదిహేడు రోజులు. దిద్దలేదు. కొన్ని చెప్పనక్కరలేదు అనుకుంటాను.

16 నవంబర్, శుక్రవారం

పొద్దున తొలి గరిటె ఆమే పోసింది. శిరీష లేవలేదు, లేపనూ లేదు. పోస్తూ నా వైపు చూసింది — చూస్తున్నానా లేదా అని. చూస్తున్నాను.

ఎత్తు మీద కారు మూడో గేరులోనే ఎక్కింది. సాంబారు కదలలేదు. బాలమణి బకెట్టు మూత తీసి మరీ చూసింది.

మొదటి ప్లేటు ఖాజా భాయ్‌కి, ఆమె చేతితో. అతను కళ్ళకద్దుకుని తిన్నాడు. అందరూ చప్పట్లు. ఆమె కొంగు సర్దుకుంది.

మధ్యాహ్నం అతని ఫోన్. "అన్నా, బేరం మళ్ళ శంషాబాద్ బస్టాండే! అక్కకు చెప్పకు, నీకు దండం పెడ్త."

చెప్పలేదు. ఇది చెప్పనవసరం లేదు. లేదా? రాసి ఉంచుతున్నాను.

3 మార్చి 2013, ఆదివారం

ప్లగ్గులు తీసి తుడిచి పెట్టాను. మీటరు 86,110. మూడోది తియ్యడం నేను, పెట్టడం బాలమణి. అది ఇప్పుడు ఆమెది. ఇంకెవరినీ ముట్టనివ్వదు. పక్కింటి ఆమెతో గోడ మీది నుంచి చెప్తుంటే విన్నాను — "మా ఆయన తిప్పితె పట్టదు. నేను తిప్పితెనే పడ్తది." నిజమే.

19 జూన్, బుధవారం

వాన. నాలుగో టోపీ అంచు గట్టిపడినట్టుంది. చీలలేదు. అయినా పోయి బాలమణికి చెప్పాను. వంట మధ్యలో ఉంది.

"చినిగిందా?"

"లేదు."

"మరెందుకు చెప్తున్నవ్?"

"ఊకెనే."

నవ్వు ఆపుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది.

12 అక్టోబర్, శనివారం

రేపు దసరా.

టోపీలు నాలుగూ చూశాను. బాగున్నాయి. పానాలు కడిగి ఎండబెట్టాను. బాలమణి పొద్దున సంత నుంచి కొబ్బరికాయలు రెండు తెచ్చింది. నా ముందు పెట్టింది.

"ఈసారి నువ్వే కొట్టు."

"నేనెందుకు?"

"నువ్వు కొట్టు. నేను సూసుకుంట నిలబడ్త."

ఏడాది అయింది. మరిచిపోలేదు.

భోజనం తరవాత ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండు కాయలూ చెవి దగ్గర పెట్టి ఊపాను. ఒకదాంట్లో నీళ్ళు గలగలమంటున్నాయి. రెండోదాంట్లో... చప్పుడు మందంగా ఉంది. బరువు కూడా తక్కువ. కాయ కన్ను దగ్గర తడి. మూడుసార్లు వాసన చూశాను. ఒకసారి ఉంది అనిపించింది, రెండుసార్లు లేదు అనిపించింది.

దుకాణం నాలుగు ఇళ్ళ అవతల. ఇప్పుడే పోయి ఇంకొకటి కొని చప్పుడు కాకుండా మార్చేయవచ్చు. ఆమెకు తెలియదు. రేపు రెండూ తెల్లగా పగులుతాయి. ఆమె నిశ్చింతగా నిలబడుతుంది.

లేదా ఇప్పుడే చెప్పవచ్చు. చెప్తే పండగ ముందు రోజు ఆ ముఖం మళ్ళీ...

కాయ ఒళ్ళో ఉంది. బాలమణి వాకిట్లో కూర్చుని కారుకు బంతిపూలు గుచ్చుతోంది. ఇక్కడి నుంచి పిలిస్తే వినపడేంత దూరం. ఇందాక ఒకసారి తలెత్తి అడిగింది కూడా — "ఏం రాస్తున్నవ్ గంత సేపటి నుంచి? ఏమన్న ఉందా?"

ఇంకా జవాబు చెప్పలేదు. దారం పట్టుకుని చూస్తోంది.

మళ్ళీ పుస్తకానికే ముందు చెప్పాను.